మంచి మానిటర్ కొనడానికి కంప్యూటర్ మార్చక్కర్లేదు

పాత కంప్యూటర్‌కి పెద్ద రెజల్యూషన్ మానిటర్ పెట్టాలంటే ముందు కంప్యూటరే మార్చాలి అన్న మాట దుకాణాల్లో ఎంత ధీమాగా చెప్తారంటే, విన్నవాళ్లలో కొందరు అక్కడికక్కడే ఆ ఆలోచన మానుకుని మళ్లీ అదే పద్దెనిమిదిన్నర అంగుళాల తెర ముందు కూర్చుంటారు, ఇంకొందరు నిక్షేపంలా పనిచేస్తున్న సీపీయూని ఎంతకో అంతకు అమ్మేసి కొత్తది కొంటారు. రెండూ అనవసరం. పది పన్నెండేళ్ల కిందటి మామూలు కంప్యూటర్ కూడా 2560 × 1440 మానిటర్‌ని, అంటే అడ్డంగా 2560, నిలువుగా 1440 చుక్కలున్న తెరని, హాయిగా నడపగలదు, చాలాసార్లు కేబుల్ తప్ప ఇంకేమీ కొనకుండానే. చేతిలో కొంత డబ్బుంటే ముందు మానిటర్ మీద పెట్టండి, కంప్యూటర్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. మంచి మానిటర్ ఆ తర్వాత కొనబోయే కంప్యూటర్‌కి కూడా పనికొస్తుంది.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, నా పని తెలుగు ప్రూఫులు చూడడం. ఇంగ్లీషు చదివేవాళ్లకి మామూలు తెరతో రోజు గడిచిపోతుందేమో గానీ, తెలుగు అక్షరానికి తెర మీద చుక్కలు, అంటే పిక్సెళ్లు, చాలా కావాలి. ద, ధ, థ మూడింటికీ చట్రం ఒకటే. కింద చిన్న గీత ఉంటే ధ, ఆ గీతతో పాటు పొట్టలో చుక్క కూడా ఉంటే థ. అదే అక్షరం ఒత్తుగా మారి "అర్థం", "అర్ధం" లాంటి చోట్ల కిందికి దిగిందంటే, 1366 × 768 తెర మీద ఆ ఒత్తు మొత్తం నాలుగైదు పిక్సెళ్లలో ఇరుక్కోవాలి. పొట్టలో చుక్క ఉందో లేదో ఇక దేవుడికే తెలియాలి. కె, కే తేడా అయినా, కొ, కో తేడా అయినా అంతే. ప్రతి అనుమానానికీ జూమ్ చేసి, చూసి, మళ్లీ వెనక్కి రావడం, సాయంత్రానికి కళ్లు మంటలు. 18.5 అంగుళాల 1366 తెరలో అంగుళానికి దాదాపు 85 చుక్కలు ఉంటాయి. 27 అంగుళాల 1440 తెరలో 109. ఆ తేడా అంకెల్లో చిన్నదిగా కనిపిస్తుంది గానీ ఒత్తుల దగ్గర చాలా పెద్దది. పైగా తెరే పెద్దది కాబట్టి రెండు పేజీలు పక్కపక్కన పూర్తిగా పడతాయి.

విజయవాడలో డీటీపీ సెంటర్ నడిపే బాబాయ్ ఒకాయన ఉన్నారు. పేజీలు కట్టే పేజ్‌మేకర్ ప్రోగ్రాము, యూనికోడ్ కాని పాత తెలుగు అను ఫాంట్లు, మూడో తరం ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న పాత కంప్యూటర్. ఎదురెదురు పేజీలు ఒకేసారి చూసుకోవాలని 27 అంగుళాల 1440 మానిటర్ కొన్నారు. హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టారు, బొమ్మ వచ్చింది, కానీ సెట్టింగ్స్‌లో ఎంత వెతికినా 1920 × 1080 కంటే పైన ఏమీ లేదు. దాన్నే మానిటర్ 1440కి సాగదీస్తోంది కాబట్టి అక్షరాలన్నీ ఉబ్బి, అంచులు అలుక్కుపోయి కనిపిస్తున్నాయి. పాత మానిటర్ మీదే నయం అనిపించేలా ఉంది. అమ్మిన దుకాణంలో అడిగితే "బోర్డు పాతది సార్, మొత్తం సెట్ మార్చాల్సిందే" అన్నారట. "ఏరా, తిరిగిచ్చేయమంటావా?" అని నాకు ఫోన్ చేశారు. వద్దు బాబాయ్, ఒకసారి వచ్చి చూస్తా అన్నాను.

చేసిందల్లా ఇది. ఇంటెల్ గ్రాఫిక్స్ కంట్రోల్ ప్యానెల్ తెరిచి, అందులో కస్టమ్ రెజల్యూషన్ అన్న చోటికి వెళ్లి, వెడల్పు 2560, ఎత్తు 1440, రిఫ్రెష్ రేటు (సెకనుకి ఎన్ని బొమ్మలు పంపాలన్నది, దీన్నే హెర్ట్జ్‌లో చెప్తారు) దగ్గర 60కి బదులు 55, టైమింగ్ దగ్గర సీవీటీ-ఆర్‌బీ, అదేమిటో కింద చెప్తాను. సేవ్ చేసి, కొత్తగా చేరిన ఆ రెజల్యూషన్‌ని ఎంచుకుంటే తెర ఒక క్షణం నల్లగా అయ్యి తిరిగొచ్చింది. మానిటర్ సొంత మెనూలో చూస్తే 2560 × 1440, 55 హెర్ట్జ్ అని చూపిస్తోంది. బాబాయ్ వెంటనే ఒక పాఠ్యపుస్తకం ఫైలు తెరిచి రెండు పేజీలూ పక్కపక్కన పెట్టుకుని, జూమ్ చేయకుండా ఒక పేరాలో ఒత్తులు వేలితో చూపిస్తూ చదువుకుంటూ పోయారు. మానిటర్ కొన్న ఖర్చు తప్ప రూపాయి ఖర్చు లేదు.

60 పనిచేయనిది 55 ఎందుకు పనిచేసింది? ఇది ఒక్కటి అర్థమైతే పాత కంప్యూటర్, కొత్త మానిటర్ సమస్యలో ముప్పాతిక భాగం అర్థమైనట్టే, అందుకే కాస్త లెక్క చెప్తాను. 2560 × 1440 అంటే తెర మీద కనిపించే చుక్కలు 36 లక్షల 86 వేల చిల్లర. కానీ కంప్యూటర్ పంపేది అంతకంటే కొంచెం ఎక్కువ. పాత గాజు ట్యూబు మానిటర్ల కాలంలో ఎలక్ట్రాన్ కిరణం ఒక వరుస గీసి వెనక్కి రావడానికి కొంత ఖాళీ సమయం ఇచ్చేవారు. ఆ ఖాళీ ఇప్పటికీ సిగ్నల్‌లో ఉంది. ఎల్‌సీడీకి అంత ఖాళీ అక్కర్లేదు కాబట్టి దాన్ని బాగా కుదించిన టైమింగే పైన చెప్పిన సీవీటీ-ఆర్‌బీ. అలా కుదించినా అడ్డంగా 2560కి బదులు 2720, నిలువుగా 1440కి బదులు 1481 లెక్కకు వస్తాయి. వీటిని గుణించి సెకనుకు 60 సార్లు పంపితే సుమారు 24 కోట్ల 15 లక్షల చుక్కలు, అంటే 241.5 మెగాహెర్ట్జ్. మూడో తరం ఇంటెల్ గ్రాఫిక్స్‌లో హెచ్‌డీఎంఐకి ఉన్న హద్దు 225 మెగాహెర్ట్జ్. చూడండి, ఎంత కొద్దిలో తప్పిపోయిందో. 60ని 55 చేస్తే 221.5 దగ్గరికి వచ్చి హద్దు లోపల పడుతుంది. అంతే. బోర్డు పాతదవడానికీ దీనికీ సంబంధం ఉంది గానీ, బోర్డు చేతకానిదేమీ కాదు. గ్రాఫిక్స్‌ని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ మాత్రం 60 దగ్గర కుదరదని చూసి ఆ రెజల్యూషన్ మొత్తాన్నే జాబితాలోంచి తీసేస్తుంది, దుకాణం ఆయన ఆ జాబితా చూసి తీర్పు చెప్పేస్తాడు.

పేజీలు కట్టేవాళ్లకి, ప్రూఫులు చూసేవాళ్లకి, కోడు రాసేవాళ్లకి 60కీ 55కీ తేడా తెలియదు. కదిలే వీడియోలో ఎక్కడైనా చిన్న కుదుపు కనిపించవచ్చు, అంతవరకే. కొన్ని మానిటర్లు 55ని ఒప్పుకోవు, అప్పుడు 50తో ప్రయత్నించండి. బొమ్మ రాకపోతే కంగారు పడక్కర్లేదు, మీరేమీ నొక్కకపోతే విండోస్ 15 సెకన్లలో పాత సెట్టింగ్‌కి తనే వెళ్లిపోతుంది. లినక్స్ వాడేవాళ్లయితే, తెరని నడిపే పాత ఎక్స్ సర్వర్ మీద ఉంటే, ఎక్స్‌రాండర్ కమాండ్‌కి ఇచ్చే మోడ్‌లైన్‌లో (రెజల్యూషన్, టైమింగ్ అంకెలుండే వరుసలో) మొదటి అంకె 241.50ని 221.50గా మార్చి మిగతాదంతా అలాగే ఉంచితే చాలు. ఎక్స్ సర్వర్ స్థానంలో వచ్చిన వేలాండ్ మీద చాలాచోట్ల ఇలా కుదరదు, మానిటర్ తన గురించి చెప్పుకునే ఎడిడ్ సమాచారాన్నే మార్చి బూట్ సమయంలో ఇవ్వాలి. కొంచెం శ్రమే.

అసలు ఎక్కువ రెజల్యూషన్ అనేది నిన్న మొన్న పుట్టిన వింతేమీ కాదు. 2001లోనే ఐబీఎం టీ220 అని 22 అంగుళాల పైచిలుకు మానిటర్ తెచ్చింది, 3840 × 2400, అంగుళానికి 204 చుక్కలు. ఒక్క కేబుల్‌తో అన్ని చుక్కలు వెళ్లవు కాబట్టి డీవీఐ అనే అప్పటి రకం పోర్టు దారులు నాలుగింటిలో పంపేవారు, అలా పంపినా సెకనుకు 41 సార్లే. బాబాయ్ వాడే పేజ్‌మేకర్ 7.0 వచ్చింది కూడా ఆ ఏడాదే. 2004లో ఆపిల్ 30 అంగుళాల సినిమా డిస్‌ప్లే 2560 × 1600తో వచ్చింది, దానికి డ్యుయల్ లింక్ డీవీఐ ఉన్న కార్డు కావాల్సి వచ్చేది. అంటే ఇరవై ఏళ్ల కిందటి కంప్యూటర్లు కూడా ఇన్ని చుక్కలు పంపాయి. అప్పుడూ ఇప్పుడూ ప్రశ్న ఒకటే, ఆ పోర్టులోంచి సెకనుకి ఎన్ని చుక్కలు బయటికి వెళ్తాయి అని. ప్రాసెసర్ ఎంత వేగం, ర్యామ్ ఎంత అన్నది ఇక్కడ దాదాపు అనవసరం. 4కే, అంటే 3840 × 2160 తెర మొత్తాన్ని మెమరీలో దాచడానికి పట్టే చోటు 33 మెగాబైట్లే.

కాబట్టి మీ కంప్యూటర్ ఏ మోడలో చెప్పే ముందు వెనక ఏ పోర్టులున్నాయో చెప్పండి. ఇక్కడే చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ఇళ్ల కోసం అమ్మిన పాత కంప్యూటర్లలో వీజీఏ, హెచ్‌డీఎంఐ ఉంటాయి. ఆఫీసుల కోసం అమ్మినవాటిలో చాలావాటికి వీజీఏతో పాటు డిస్‌ప్లేపోర్ట్ ఉంటుంది, అదే మనకి వరం. డెల్ ఆప్టిప్లెక్స్ 7010, అంటే బాబాయ్ కంప్యూటర్ కాలందే, దాని వెనక రెండు డిస్‌ప్లేపోర్టులు ఉంటాయి. వాటిలో దేనికి పెట్టినా 2560 × 1440 పూర్తి 60 హెర్ట్జ్‌తో, ఏ సెట్టింగూ ముట్టుకోకుండా వస్తుంది. థింక్‌ప్యాడ్ టీ430, ఎక్స్230 లాంటి ల్యాప్‌టాప్‌లకి పక్కన మినీ డిస్‌ప్లేపోర్ట్ ఉంటుంది, దానిదీ అదే సంగతి. తర్వాతి తరం, ఆప్టిప్లెక్స్ 9020 లాంటివి, డిస్‌ప్లేపోర్ట్ 1.2తో వచ్చాయి, అవి 4కేని కూడా 60 హెర్ట్జ్‌తో నడుపుతాయి. ఇదే పెట్టె కొన్నవాళ్లు కూడా అలవాటు కొద్దీ వీజీఏకి హెచ్‌డీఎంఐ కన్వర్టర్ తగిలించి, 1080 దగ్గర ఆగిపోయి, పాతది కదా అని సర్దుకుపోతుంటారు. నాకు నిజంగా బాధ కలిగేది ఇక్కడే. పక్కనే ఉన్న పోర్టు దుమ్ము పట్టి ఉంటుంది.

ఇప్పుడు 4కే సంగతి. ధరలు తగ్గాయి కదా, 1440 ఎందుకు, ఏకంగా 4కేనే తీసుకుందాం అనేవాళ్లు ఉన్నారు. పాత కంప్యూటర్ హెచ్‌డీఎంఐతో మాత్రం వద్దు అంటాను. హెచ్‌డీఎంఐ 1.4 వచ్చింది 2009లో, దాని మీద 3840 × 2160 వెళ్తుంది గానీ సెకనుకి 30 సార్లే. డబ్బా మీద "4కే సపోర్ట్" అని రాస్తారు, ఎన్ని హెర్ట్జో రాయరు. 30 హెర్ట్జ్ అంటే ఒక బొమ్మకీ ఇంకో బొమ్మకీ మధ్య 33 మిల్లీసెకన్లు. మౌస్ కదిపితే బాణం జారినట్టు కాక గెంతినట్టు ఉంటుంది, పేజీ స్క్రోల్ చేస్తే అక్షరాలు తడబడతాయి. పది నిమిషాలు చూస్తే ఫరవాలేదనిపిస్తుంది, రోజంతా పనిచేస్తే తల నొప్పి. హెచ్‌డీఎంఐ 2.0 ప్రమాణం 2013లోనే వచ్చినా, ఇంటెల్ సొంత గ్రాఫిక్స్ వాడే కంప్యూటర్లలో ఆ తర్వాత చాలా తరాల పాటు హెచ్‌డీఎంఐ 1.4 దగ్గరే ఉండిపోయింది. అందుకే ఎనిమిదో తరం ల్యాప్‌టాప్‌లలో కూడా హెచ్‌డీఎంఐ కేబుల్ పెడితే 4కే 30 హెర్ట్జే వచ్చేవి చాలా ఉన్నాయి. ఖరీదైన కేబుల్ కొంటే ఇది మారదు. కేబుల్ నాసిరకమైతే వచ్చేది పాడవుతుంది, ఎంత మేలిదైనా పోర్టు పంపనిది తేలేదు.

4కే వద్దనడానికి ఇంకో కారణం ఉంది, అది పాత సాఫ్ట్‌వేర్. 27 అంగుళాల 4కేలో అంగుళానికి 163 చుక్కలు. అన్నీ చీమల్లా కనిపిస్తాయి కాబట్టి విండోస్‌లో స్కేలింగ్ 150 శాతం పెట్టుకోవాలి. కొత్త ప్రోగ్రాములు దానికి తగ్గట్టు పెరుగుతాయి. పేజ్‌మేకర్ లాంటి 2001 నాటి ప్రోగ్రాముకి స్కేలింగ్ అంటే ఏమిటో తెలియదు. మెనూలు సూది మొనంత ఉంటాయి, లేదా విండోస్ దాన్ని బొమ్మలా సాగదీసి మసకబారుస్తుంది. మసకబారిన తర్వాత 4కే కొన్న ప్రయోజనమే పోయింది. మన డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లలో ఉన్న పాత ఫైళ్లు వేలకొద్దీ ఉంటాయి, వాటిని రేపు పొద్దున్నే యూనికోడ్‌లోకి మార్చేసి ఇన్‌డిజైన్ లాంటి కొత్త ప్రోగ్రాముకి వెళ్లిపోండి అని చెప్పడం తేలికే, చేసేవాళ్లకి తెలుస్తుంది కష్టం. వాళ్లకి 27 అంగుళాల 1440 సరిగ్గా సరిపోతుంది. స్కేలింగ్ 100 దగ్గరే ఉంచొచ్చు, మెనూలు చదవగలిగే సైజులో ఉంటాయి, పేజీ మీద మాత్రం 1080 కంటే దాదాపు ఎనభై శాతం ఎక్కువ చుక్కలు. పాత కంప్యూటర్‌కి, పాత ప్రోగ్రాముకి, తెలుగు అక్షరానికి, మూడింటికీ కుదిరే రెజల్యూషన్ ఇదొక్కటే అని నా నమ్మకం.

ఫొటోలు దిద్దేవాళ్లు, 4కే వీడియో కత్తిరించేవాళ్లు ఉంటే వాళ్ల సంగతి వేరు, వాళ్లకి 4కే కావాల్సిందే. డెస్క్‌టాప్ అయితే దానికీ దారి ఉంది. జీటీ 1030 లాంటి చిన్న గ్రాఫిక్స్ కార్డు ఒకటి పెట్టుకుంటే హెచ్‌డీఎంఐ 2.0 వస్తుంది, 4కే 60 హెర్ట్జ్ వస్తుంది. అది 30 వాట్లే తాగుతుంది, పవర్ సప్లై మార్చక్కర్లేదు, విడిగా పవర్ వైరు కూడా అడగదు. ఆఫీసు నుంచి వచ్చిన సన్నని పెట్టెలకైతే లో ప్రొఫైల్ బ్రాకెట్ ఉన్న కార్డే పడుతుంది, కొనేముందు డబ్బాలో ఆ పొట్టి బ్రాకెట్ ఉందో లేదో చూసుకోవాలి. జీటీ 710 మాత్రం ఈ పనికి తీసుకోకండి, చౌకగా దొరుకుతుంది గానీ అందులో ఉన్నది హెచ్‌డీఎంఐ 1.4, మళ్లీ అదే 30 దగ్గరికి వస్తారు. ల్యాప్‌టాప్‌లో కార్డు పెట్టే వీలు లేదు. యూఎస్‌బీ 3.0 ఉంటే డిస్‌ప్లేలింక్ అడాప్టర్లు ఉన్నాయి, అవి బొమ్మని కుదించి యూఎస్‌బీ మీద పంపుతాయి, ఆ కుదించే భారం ప్రాసెసర్ మీద పడుతుంది. రెండు కోర్ల పాత ల్యాప్‌టాప్‌లో అది తెలిసిపోతుంది. ఇంకే దారీ లేనప్పుడు వాడొచ్చు.

అడాప్టర్ల దగ్గర మోసపోయేవాళ్లు చాలామంది, అందుకే ఇంకొక మాట. కంప్యూటర్‌లో డిస్‌ప్లేపోర్ట్, మానిటర్‌లో హెచ్‌డీఎంఐ ఉంటే చౌక కేబుల్‌తో పని జరుగుతుంది, ఎందుకంటే చాలా డిస్‌ప్లేపోర్టులకి హెచ్‌డీఎంఐ సిగ్నల్ కూడా పంపడం వచ్చు. అయితే ఆ పంపేది మళ్లీ హెచ్‌డీఎంఐ సిగ్నలే కాబట్టి దాని హద్దులే వర్తిస్తాయి, మరీ చౌక కేబులైతే 1920 × 1200 దగ్గరే ఆగిపోవచ్చు. తిరగేసి, కంప్యూటర్‌లో హెచ్‌డీఎంఐ, మానిటర్‌లో డిస్‌ప్లేపోర్ట్ అయితే మామూలు కేబుల్ పనిచేయదు, సిగ్నల్‌ని మార్చే చిప్పు ఉండి యూఎస్‌బీ నుంచి కరెంటు తీసుకునే కన్వర్టర్ కావాలి. రెండు కేబుళ్లూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. టైప్-సీ ఒక్కటే ఉన్న మానిటర్లని పాత కంప్యూటర్‌కి కొననే వద్దు. మానిటర్‌కి డిస్‌ప్లేపోర్ట్, హెచ్‌డీఎంఐ రెండూ ఉండేలా చూసుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది. కొత్త మానిటర్ పాత కంప్యూటర్‌ని గుర్తుపట్టకుండా నల్లగా ఉండిపోతే, మానిటర్ మెనూలో డిస్‌ప్లేపోర్ట్ వెర్షన్ ఎంచుకునే చోటు ఉందేమో వెతికి 1.2కో 1.1కో దించి చూడండి, చాలాసార్లు అక్కడే సమస్య తీరుతుంది.

యూట్యూబ్ సంగతి కూడా అడుగుతారు. 4కే వీడియోలు పాత కంప్యూటర్‌లో తడబడతాయి, నిజమే, కానీ అది మానిటర్ కలపడానికి సంబంధించిన సమస్య కాదు. యూట్యూబ్ వాడే, వీపీ9 అనే పద్ధతిలో కుదించిన వీడియోని ఇంటెల్ గ్రాఫిక్స్ పూర్తిగా హార్డ్‌వేర్‌లో విప్పడం ఏడో తరం నుంచి మొదలైంది, అంతకు ముందువాటిలో ప్రాసెసర్ చెమటోడ్చాలి. వీడియోని 1080లో పెట్టుకుని చూడండి, బాగానే ఉంటుంది.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11 సాధారణంగా ఎనిమిదో తరం ఇంటెల్ కంటే కిందివాటిని ఒప్పుకోదు. దాంతో ఆరు, ఏడు తరాల కంప్యూటర్లని ఆఫీసులు వదిలించుకుంటున్నాయి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల సెకండ్ హ్యాండ్‌లో చూసేది ఎక్కువగా ఇలాంటివే. లినక్స్ వేసుకోగలిగినవాళ్లకి, లేదా ఇంటర్నెట్‌కి కలపకుండా పేజ్‌మేకర్ ఒక్కటే నడుపుకునే డీటీపీ వాళ్లకి ఇవి బంగారం లాంటి యంత్రాలు, డిస్‌ప్లేపోర్ట్ మీద 4కేనే 60 హెర్ట్జ్‌తో ఇస్తాయి, 1440 వాటికి ఒక లెక్కే కాదు. కొనేటప్పుడు ప్రాసెసర్ స్టిక్కర్ చూసి ఆగిపోకుండా పెట్టె వెనక్కి తిప్పమనండి. దీర్ఘచతురస్రంలా ఉన్న పోర్టుకి ఒక మూల కోసేసినట్టు ఉంటే అదే డిస్‌ప్లేపోర్ట్. దానికి తగ్గ కేబుల్ అక్కడే అడిగి తీసుకోండి, చాలా మానిటర్ల డబ్బాలో వచ్చేది హెచ్‌డీఎంఐ కేబుల్ ఒక్కటే.